పాత కారు బాడీకి ఇంట్లోనే మరమ్మతు: పుట్టీ డబ్బా తెరవకముందు చేయాల్సిన పనులు

మీరు అడిగింది ఇదీ: కారుకి ఇరవై ఏళ్లు దాటాయి. వెనక వీల్ ఆర్చ్ (చక్రం పైన ఉండే వంపు) అంచు తుప్పు పట్టి వేలు దూరేంత చిల్లు పడింది. ముందు డోర్ కింది అంచున పెయింట్ బుడగల్లా పొంగుతోంది. అదే డోర్ మధ్యలో అరచేతి వెడల్పున సొట్ట ఉంది. ఇవి ఇంట్లో చేసుకోవచ్చా, పుట్టీ పెట్టి పెయింట్ కొడితే నిలుస్తుందా?

మూడూ ఇంట్లో చేసుకోదగ్గ పనులే. కానీ చిల్లు మీద నేరుగా పుట్టీ పెడితే నెలల్లోనే పొంగి పెచ్చుగా ఊడుతుంది. పుట్టీ ఉన్నది రూపం సరిచేయడానికి. అది బలం ఇవ్వదు, నీటిని ఆపదు. మామూలు పాలిస్టర్ పుట్టీలో టాల్క్ పొడి ఎక్కువగా ఉంటుంది, అది తడిని పీల్చుకుంటుంది. వెనక నుంచి తడి తగిలే చోట పుట్టీ పెట్టడమంటే రేకుకి తడిగుడ్డ కట్టినట్టే. అందుకే ఈ పనిలో శ్రమంతా పుట్టీకి ముందు, కొంత పెయింట్ తర్వాత. మధ్యలో పుట్టీ పని తక్కువే.

ముందు పాత స్క్రూడ్రైవర్ ఒకటి తీసుకుని కారు చుట్టూ తిరగండి. డోర్ల కింద పొడవునా ఉండే సిల్, జాకీ పెట్టే చోట్లు, ఫ్లోర్ కింద పెట్టెలా పోయే చాసిస్ రెయిల్స్, సస్పెన్షన్ బిగించిన చోట్లు, సీటు బెల్టు బోల్టుల చుట్టూ, పైకప్పును మోసే పిల్లర్ల అడుగు భాగాలు. పిడితో తడితే మంచి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు మొద్దుగా మోగుతుంది. మొనతో గట్టిగా నొక్కితే లోపలికి దిగిందంటే అక్కడ రేకు లేదు, పెయింటూ తుప్పూ మాత్రమే ఉన్నాయి. అయస్కాంతం కూడా దగ్గర పెట్టుకోండి. అది సరిగ్గా అంటుకోని చోట పాత ఓనరు పెట్టించిన మందపాటి పుట్టీ ఉంటుంది.

ఈ చోట్లలో తుప్పు కనబడితే ఇంటి మరమ్మతు అక్కడికి ఆపేయండి. ఇలాంటి కార్లలో చాలావాటికి విడిగా ఫ్రేమ్ ఉండదు, బాడీయే ఫ్రేమ్. గుద్దుకున్నప్పుడు దెబ్బ బలం సిల్స్, రెయిల్స్, పిల్లర్ల గుండానే పోతుంది. అక్కడ ఫైబర్ గ్లాసు అతికించినా, రివెట్లు కొట్టి రేకు బిగించినా చూడ్డానికి బాగుంటుంది, అవసరమైన క్షణాన చేతులెత్తేస్తుంది. సీటు బెల్టు, సస్పెన్షన్ బిగింపులకు 30 సెం.మీ. లోపల తుప్పు ఉంటే దాన్ని బలం మోసే భాగంగానే లెక్కేయండి. సరైన మందం రేకుతో అనుభవమున్న వెల్డర్ చేయాల్సిన పని అది. వీల్ ఆర్చ్ బయటి అంచు, డోర్ పైరేకు, ఫెండర్ వంటివి మీ చేతిలో పనులు. ఆర్చ్ చిల్లు లోపలికి టార్చ్ వేసి చూడండి. తుప్పు లోపలి వీల్ హౌసింగ్ (చక్రాన్ని కప్పే లోపలి రేకు) దాకా, సిల్ కలిసే మూల దాకా పోయి ఉంటే అది కూడా వెల్డర్ దగ్గరికే.

ఇక ఒంటి మీద జాగ్రత్తలు. చక్రం తీయాలంటే గట్టి, చదును నేల మీద కారు నిలిపి, మిగతా చక్రాలకు అడ్డు పెట్టి, జాకీతో లేపాక స్టాండ్ మీద దించండి. ఒక్క జాకీ మీద నిలబడ్డ కారు కింద చెయ్యి కూడా పెట్టకూడదు. బ్యాటరీ నెగటివ్ తీగ తీయండి. డోర్‌లోనో సీటు పక్కనో ఎయిర్ బ్యాగు, బి పిల్లర్‌లో (ముందు, వెనక డోర్ల మధ్య స్తంభం) బెల్టు ప్రీటెన్షనర్ (గుద్దుకున్నప్పుడు బెల్టును బిగించేది) ఉన్న కారైతే ఓనర్స్ మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాకే పని మొదలుపెట్టండి. వాటి సెన్సర్ల దగ్గర సుత్తి వాడొద్దు. ఆర్చ్ లోపలి దుమ్మును గాలి గొట్టంతో ఊదకండి. పాత బ్రేకు లైనింగుల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, నీళ్లతో తడిపి తుడవండి. కారు మరీ పాతదైతే పెయింట్‌లో సీసం ఉండే అవకాశముంది. 1950లలో పాలిస్టర్ పుట్టీ వచ్చేదాకా సొట్టలు నింపింది కూడా సీసంతోనే. అలాంటి కారుకి పొడిగా ఎమరీ కొట్టకండి, తడిపి రుద్దండి. అక్కడ గ్రైండర్ పనికిరాదు.

గ్రైండర్‌కి వైర్ బ్రష్ బిగించినప్పుడు తీగ ముక్కలు సూదుల్లా ఎగిరొస్తాయి. కళ్లజోడు చాలదు, ముఖమంతా కప్పే షీల్డ్ కావాలి. గార్డు తీసేసి వాడొద్దు. డిస్కు మీద రాసిన వేగం గ్రైండర్ వేగం కంటే తక్కువ కాకూడదు. చిన్న గ్రైండర్లు నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరుగుతాయి. కారు అద్దాలను తడిపిన మందపాటి గుడ్డతో కప్పండి. గ్రైండింగ్ రవ్వలు అద్దంలోకి కరిగి దిగితే ఆ చుక్కలు ఏ పాలిష్‌కీ పోవు. పక్క ప్యానెల్ మీద పడిన రవ్వలు పెయింట్‌లో ఇరుక్కుని రెండు రోజుల్లో తుప్పు చుక్కలవుతాయి.

తుప్పు తీసే పని చెబుతాను. మొదట కడగడం. షాంపూ నీళ్లతో కడిగి ఆరాక, వ్యాక్స్, గ్రీజు పోయేలా డీగ్రీజర్‌తో తుడవండి. డీగ్రీజర్‌తో తడిపిన గుడ్డతో రాసి, అది ఆరకముందే వేరే పొడిగుడ్డతో తుడిచేయాలి. ఇది ఎమరీ కొట్టే ముందే జరగాలి. లేకపోతే జిడ్డును గీతల లోపలికి మీరే రుద్దినట్టవుతుంది, ప్రైమర్ అక్కడ చేపకళ్లలా విడిపోతుంది.

తర్వాత పొంగిన పెయింట్ మొత్తం గీకేయండి. అర్ధరూపాయంత బుడగ కింద అరచేతంత తుప్పు ఉండటం మామూలే. తుప్పు ఇనుము కంటే చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పెయింట్‌ను పైకి లేపుతుంది. పైకి కనబడేది ఆ లేచిన కొన మాత్రమే. 80 నంబరు ఫ్లాప్ డిస్కుతో (గ్రైండర్‌కి బిగించే ఎమరీ ముక్కల డిస్కు; నంబరు తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ), మెరిసే మంచి రేకు అన్ని వైపులా కనీసం 3 సెం.మీ. కనబడేదాకా పోండి. బాడీ రేకు మందం సుమారు 0.7–0.8 మి.మీ. ఒకేచోట డిస్కు అదిమి పెడితే రేకు నీలం రంగుకి మారి వేడికి వంకర తిరుగుతుంది, పలచనా అవుతుంది. తేలికపాటి చేత్తో డిస్కును కదుపుతూ ఉండండి, మధ్యమధ్యలో చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి ఆనలేనంత వేడైతే ఆగండి.

రేకు మీద నల్లటి గుంటలు మిగులుతాయి. అవి డిస్కుకి అందవు. అక్కడ ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ పనికొస్తుంది. అది మిగిలిన తుప్పును ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. దీంతో రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, పొరలు పొరలుగా ఊడే తుప్పు మీద పూయడం. మందు పైపొరకే అందుతుంది, కింద తుప్పు అలాగే ఉంటుంది. రెండు, మిగిలిన యాసిడ్‌ను కడగకుండా ఎపాక్సీ ప్రైమర్ (రేకుని తడి నుంచి కాపాడే రెండు భాగాల అడుగు పూత) కొట్టడం. యాసిడ్ మీద ఎపాక్సీ సరిగ్గా గట్టిపడదు, పట్టదు. డబ్బా మీద చెప్పినట్టు కడిగి, హీట్ గన్‌తో బాగా ఆరబెట్టి, 80 నంబరుతో మళ్లీ గరుకు చేశాకే ప్రైమర్. రేకు అంతా మెరిసేలా శుభ్రం చేయగలిగితే కన్వర్టర్ జోలికే పోకుండా నేరుగా ఎపాక్సీ కొట్టడం నాకు నచ్చే దారి.

డోర్ కింది అంచు విషయం కాస్త భిన్నం. డోర్ పైరేకును లోపలి ఫ్రేము చుట్టూ మడిచి నొక్కి ఉంటారు. నీరు చేరేది ఆ మడతలోకే. అంటే మీకు కనబడే బుడగ బయట పుట్టింది కాదు, లోపల నుంచి బయటికొచ్చింది. డోర్ అడుగున నీరు పోయే చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో పూడుకుపోతే గ్లాసు పక్క నుంచి దిగిన నీళ్లు లోపలే నిలుస్తాయి. ఇప్పుడే సన్నటి తీగ పెట్టి ఆ రంధ్రాలు తెరవండి. మడత లోపలి తుప్పు పూర్తిగా తీయడం డోర్ రేకు మార్చకుండా కాదు. దాని వేగం తగ్గించగలం, ఎలాగో చివర్లో వస్తుంది.

చిల్లుకి అతుకు. తుప్పు తిన్న అంచును కత్తిరించి పారేయండి. గట్టి రేకు మొదలయ్యాక ఇంకో 10–15 మి.మీ. దాటి కోత పెట్టండి, మూలలు గుండ్రంగా ఉంచండి. అట్టముక్కతో అచ్చు తీసి 0.8 మి.మీ. మైల్డ్ స్టీల్ రేకు కత్తిరించండి. చుట్టూ 20–25 మి.మీ. ఒకదాని మీద ఒకటి వచ్చేలా ఉండాలి. ఇంట్లో వెల్డింగ్ లేకుండా చేయాలంటే రెండు భాగాల ఎపాక్సీ జిగురు (ప్యానెల్ బాండ్) మంచి దారి. అతుకు, కారు రేకు రెండిటినీ బేర్ మెటల్ దాకా 80 నంబరుతో గరుకు చేసి, రెండు వైపులా పూసి, అంచు పొడవునా జిగురు కొద్దిగా పొంగి వచ్చేలా నొక్కి క్లాంపులు పెట్టండి. పొంగిన జిగురు లోపలి అంచును సీల్ చేస్తుంది కాబట్టి దాన్ని తుడిచేయకండి. జిగురంతా బయటికొచ్చేంత బిగించినా అతుకు బలహీనపడుతుంది. 24 గంటలు కదపొద్దు. అతుకు చుట్టుపక్కల రేకు కంటే ఒక మిల్లీమీటరు లోతుగా కూర్చోవాలి. పైకి ఉంటే దాన్ని దాచడానికి పుట్టీ కొండలా పెట్టాల్సి వస్తుంది.

ఫైబర్ గ్లాసు మ్యాట్, రెసిన్ వాడినా చిన్న చిల్లుకి పనవుతుంది, కానీ అది రేకుని పట్టుకుని ఉండేది పై గరుకుతోనే. రేకు వేడికి సాగుతూ కుంచించుకుంటూ ఉంటే అంచు దగ్గర సన్నటి చీలిక వస్తుంది, నీరు అందులోంచి దిగుతుంది. ఒకటి రెండేళ్ల పనిగా అనుకుని చేయండి. ఆ రెసిన్‌ను గట్టిపరిచే హార్డెనర్ ఎం.ఈ.కే.పి. చుక్క కంట్లో పడితే చూపు పోగలదు. గాగుల్స్ లేకుండా సీసా మూత తీయొద్దు. దాన్ని అసిటోన్‌తోనో, కోబాల్ట్ యాక్సిలరేటర్‌తోనో నేరుగా కలపకండి, పేలుతుంది.

మిగ్ వెల్డింగ్ చేతనైతే 0.6 మి.మీ. తీగతో ఒక్కో చుక్క దూరదూరంగా పెట్టి చల్లారనిస్తూ నింపండి. వరసగా లైను లాగితే ప్యానెల్ అలలు అలలుగా వంగుతుంది. వెనక వీల్ ఆర్చ్ దగ్గర్లోనే పెట్రోల్ పోసే గొట్టం, ట్యాంకు ఉండొచ్చు. లోపలి కార్పెట్, ఫోమ్, చప్పుడు తగ్గించే డ్యాంపింగ్ షీటు తీయకుండా వెల్డింగ్ మొదలుపెట్టొద్దు. ముగిశాక గంటసేపు అక్కడే ఉండి పొగ చూడండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన రేకుని వెల్డ్ చేస్తే ఫాస్జీన్ అనే ప్రాణాంతక వాయువు పుడుతుంది. వెల్డింగ్ ముందు తుడవడానికి అసిటోన్ వాడి, పూర్తిగా ఆరాక, డబ్బా దూరంగా పెట్టాకే మెషీన్ ఆన్ చేయండి.

సొట్టకు డోర్ లోపలి ట్రిమ్ తీయాలి. దాని వెనక జిగురుతో అంటించిన ప్లాస్టిక్ షీటు ఉంటుంది, చింపకుండా జాగ్రత్తగా ఒలిచి పెట్టుకోండి. తిరిగి సరిగ్గా అంటించకపోతే వాన నీరు డోర్‌లోంచి కాళ్ల దగ్గరికొస్తుంది. సొట్ట మధ్యలో సుత్తితో ఒక్క దెబ్బ వేయాలనిపిస్తుంది, వేయకండి. రేకు సాగిపోతుంది. దెబ్బ తగిలినప్పుడు చివరగా వంగింది చుట్టూ ఉన్న అంచు. ముందు దాన్నే వదిలించాలి. వెనక నుంచి అరచేత్తోనో, చెక్క ముక్కతోనో నెడుతూ, బయట అంచు చుట్టూ ఉబ్బిన గీత మీద చిన్న చిన్న దెబ్బలు వేయండి. బయటి దెబ్బకి గీత కిందికి దిగుతుంటే లోపలి ఒత్తిడికి గుంట పైకి లేస్తుంది. ఎక్కువ కొడితే రేకు సాగి, వేలితో నొక్కితే టక్కున లోపలికి, వదిలితే టక్కున బయటికి వస్తుంది. ఆ దశకు చేరితే ఇంకా కొట్టడం దండగ. వేడి పెట్టి కుదించే చేతికి అప్పగించండి.

రేకు పూర్తిగా సమం కానక్కర్లేదు. 1–2 మి.మీ. లోతుగా మిగిలితే పుట్టీ పూడుస్తుంది. ఎత్తుగా మిగిలిన చోటును మాత్రం ఏ పుట్టీ దాచలేదు, దించాల్సిందే. తెలుసుకోవడానికి మార్కర్‌తో ప్రాంతమంతా నల్లగా గీసి, పొడవాటి చదును చెక్కకు 80 నంబరు ఎమరీ చుట్టి తేలిగ్గా రుద్దండి. మెరిసినవి ఎత్తులు, నల్లగా మిగిలినవి గుంటలు. కంటికి కనబడనివి అరచేతికి తెలుస్తాయి. పలచటి గుడ్డ చేతికింద పెట్టి, సొట్టకు చాలా ముందునుంచి చాలా దూరం దాకా చెయ్యి జారుస్తూ పోండి.

పుట్టీ ముందు ఎపాక్సీ ప్రైమర్ రెండు పలచని కోట్లు వేసుకుంటే రేకు తడికి దొరకదు. ఆ ప్రైమర్ ఆరాక డబ్బా మీద చెప్పిన గడువు దాటితే 180తో గరుకు చేసి పుట్టీ పెట్టండి. ఎచ్ ప్రైమర్ మీద మాత్రం పాలిస్టర్ పుట్టీ పెట్టొద్దు. అందులోని యాసిడ్ వల్ల పుట్టీ అడుగు పొర సరిగ్గా గట్టిపడదు. అలాంటి పుట్టీ ఒక్క పెచ్చుగా లేచి వస్తుంది.

హార్డెనర్ లెక్క బరువుకి 2 శాతం. 100 గ్రాముల పుట్టీకి 2 గ్రాములు. చిన్న తూకం వాడండి, కంటి అంచనా వద్దు. తక్కువైతే పుట్టీ జిగటగా ఉండిపోయి ఎమరీ నిండా అంటుకుంటుంది. ఎక్కువైతే గాలి రంధ్రాలు పడతాయి, మిగిలిన పెరాక్సైడ్ నెమ్మదిగా పైకెక్కి లేత రంగు పెయింట్‌లో పసుపు మచ్చగా బయటపడుతుంది. త్వరగా ఆరుతుందని హార్డెనర్ పెంచేవాళ్లకు ఈ మచ్చ నెలల తర్వాత కనబడుతుంది. అట్ట మీద కలపకండి, అట్ట రెసిన్‌ను పీల్చేస్తుంది. గాజు పలక లేదా ప్లాస్టిక్ పలక మీద, గిలక్కొట్టకుండా బ్లేడుతో అదుముతూ మడిచి మడిచి కలపండి. గీతలు లేని ఒకే రంగు వచ్చేదాకా. 25–30 డిగ్రీల సెల్సియస్‌లో చేతిలో ఉండే సమయం 3 నుంచి 5 నిమిషాలే, అందుకే ఒక్కసారికి చిన్న ముద్ద చాలు.

మొదటి పూత బ్లేడు గట్టిగా అదిమి, గీతల్లోకి దూరేలా పలచగా. దాని మీద రెండో పూత గుంట అంచుకంటే 4–5 సెం.మీ. బయటికి వచ్చేలా. మొత్తం మందం 3 మి.మీ. దాటితే రేకు సరిగ్గా లేపలేదని అర్థం. అరగంట తర్వాత గోరుతో గీస్తే తెల్లటి గీత పడాలి, గుంట కాకూడదు. చెక్క బ్లాకుతో 80, తర్వాత 180, తర్వాత 320. వేళ్లతో పట్టుకుని రుద్దితే అలలు వస్తాయి. బ్లాకును ఏటవాలుగా ఒకవైపు కొన్నిసార్లు, ఇంకోవైపు కొన్నిసార్లు లాగండి. పుట్టీని నీళ్లతో మాత్రం రుద్దొద్దు. వాటర్ పేపర్ ప్రైమర్ మీదే. తడి తాగిన పుట్టీ మీద పెయింట్ కొడితే ఎండకి ఆ తడి ఆవిరై చిన్న చిన్న బొబ్బలు తెస్తుంది. ఈ దుమ్ముకి ఎన్95 మాస్క్ అవసరం. కలిపి మిగిలిన పుట్టీ, రెసిన్ ముద్దగా ఉంటే బాగా వేడెక్కుతుంది. ఆరుబయట రేకు ముక్క మీద పలచగా పరిచి, గట్టిపడి చల్లారాకే చెత్తలో వేయండి.

పెయింట్ దగ్గర మీ ఆరోగ్యమే ముఖ్యం. 2కె (హార్డెనర్ కలిపి వాడే) ప్రైమర్లు, క్లియర్ కోట్లలో (రంగు మీద కొట్టే పారదర్శక పూత), ఎపాక్సీ కాని వాటి హార్డెనర్‌లో సాధారణంగా ఐసోసయనేట్ ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్తమా రావచ్చు. ఒకసారి శరీరానికి దానితో అలర్జీ ఏర్పడితే తర్వాత అతి కొద్ది మోతాదు కూడా ఊపిరాడకుండా చేస్తుంది. వాసన తెలిసేసరికే ప్రమాదకర స్థాయి దాటిపోయి ఉంటుంది, కాబట్టి మాస్క్ పనిచేస్తోందో లేదో ముక్కుకు తెలియదు. దీన్ని స్ప్రే చేసేవాళ్లు బయటి నుంచి గాలి అందే మాస్క్ వాడాలి. స్ప్రే డబ్బాలో వచ్చినా 2కె అని ఉంటే ఇదే. ఇంట్లో ఆ ఏర్పాటు ఉండదు, అందుకే 1కె (హార్డెనర్ అక్కర్లేని) స్ప్రే డబ్బాలే వాడమంటాను. మన్నిక తక్కువే, పెట్రోలు చుక్క పడితే మెత్తబడుతుంది. అయినా ఊపిరితిత్తుల కంటే అది ఎక్కువేం కాదు. 1కెకి, ఎపాక్సీ స్ప్రేకి కూడా ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్, దుమ్ము ఫిల్టర్ కలిసిన మాస్క్ పెట్టుకోండి. ఎపాక్సీ హార్డెనర్ చర్మానికి తగిలితే అలర్జీ తెస్తుంది, నైట్రైల్ గ్లౌజులు తీయొద్దు. గదికి రెండు వైపులా తలుపులు తెరిచి ఉండాలి, గ్యాస్ గీజర్, పొయ్యి, మంట ఏదీ దగ్గర ఉండకూడదు.

కొట్టే ముందు పాత పెయింట్ మీద చాటుచోట థిన్నర్ గుడ్డతో రుద్ది చూడండి. రంగు గుడ్డకు దిగితే అది కరిగే పెయింట్. దాని మీద కొత్త పెయింట్ తడిగా పడితే ముడతలు పడుతుంది. అలాంటి చోట పలచని పొడి కోట్లతో మొదలుపెట్టాలి. పాత పెయింట్ అంచులు 320తో మెట్టు తగలకుండా సాగదీసి, హైబిల్డ్ (మందంగా పేరుకునే) ప్రైమర్ 2–3 కోట్లు, కోటుకీ కోటుకీ 10–15 నిమిషాలు. మీద నల్ల మ్యాట్ స్ప్రే మంచులా చిలకరించి 600 వాటర్ పేపర్‌తో రుద్దితే నల్లగా మిగిలినవే గుంటలు. మెటాలిక్ రంగైతే 800తో ముగించండి. డబ్బా 20–25 సెం.మీ. దూరంలో, ప్యానెల్ దాటాకే బటన్ వదులుతూ. తేమ ఎక్కువున్న రోజు కొడితే పైన తెల్లటి పొగలా పేరుకుంటుంది. మెటాలిక్ రంగు ఒక్క మచ్చగా ఎప్పుడూ కలవదు, రంగును పక్కకి పలచగా సాగదీసి క్లియర్‌ను మాత్రం ప్యానెల్ మొత్తం అంచుల దాకా కొట్టాలి. పాలిష్‌కు వారం ఆగండి.

పెయింట్ ఆరాక డోర్ మడత అంచు వెంట, ఆర్చ్ లోపల అతుకు అంచుల వెంట సీమ్ సీలర్ (సందులు మూసే ముద్ద) లాగండి. ఆర్చ్ లోపల రాళ్ల దెబ్బకి తట్టుకునే కోటింగ్ కొట్టండి. ఆ తర్వాత పొడవాటి సన్నటి గొట్టం ఉన్న క్యావిటీ వ్యాక్స్‌ను డోర్ లోపల అడుగు పొడవునా, ఆర్చ్ వెనక ఖాళీలోకి, వ్యాక్స్ కింది రంధ్రాల్లోంచి కారేదాకా కొట్టండి. అది మడతల్లోకి పాకి, అందని తుప్పుకి గాలినీ తడినీ దూరం చేస్తుంది. మర్నాడు ఆ నీరు పోయే రంధ్రాల్లో మళ్లీ తీగ పెట్టి చూడండి. గడ్డకట్టిన వ్యాక్స్ వాటిని మూసేసి ఉంటుంది.